వేదిక మీద కప్పిన శాలువా

పుంగనూరులో బోరుబావుల గురించి పెట్టిన సభ ముగిసింది. భూగర్భజలాల శాస్త్రవేత్త హాలు మెట్ల మీద కారు కోసం నిలబడ్డాడు. వేదిక మీద కప్పిన శాలువా ఇంకా భుజాల మీదే ఉంది. ఒక రైతమ్మ వచ్చి దారికి అడ్డం నిలబడింది.

"మా ఊర్లో కొత్త బోర్లు వద్దని రిపోర్టు రాసింది నువ్వేనా సార్?"

"నేనేనమ్మా. నీళ్ళు అడుగంటినాయి. ఉన్నమాట రాసినాను."

"మా చేను కాడికొచ్చినప్పుడు ఫ్యాక్టరీ బోర్లు గూడా ఆపాలని సెప్తివే. సభలో ఆ మాట యాల సదవలేదు?"

"చదివింది ఆఫీసర్లు. వాళ్ళనడుగు."

"నువ్వు ఆడనే కుర్చీలో కూసోనుండావు గదా!"

రిపోర్టులో ఫ్యాక్టరీ బోర్ల మాట ఉన్న పేజీని ఆఫీసర్లు చదవకుండా తిప్పేసినప్పుడు తాను తల దించుకోవడం ఆయనకు గుర్తొచ్చింది.

"నన్నెవరూ మాట్లాడమనలేదమ్మా. పరీక్ష చేసి చెప్పేంతవరకే నా పని. నిర్ణయం ప్రభుత్వానిది."

"మేం అరిస్తే, సైంటిస్టే సెప్పినాడు, మీకేం తెలుసని కూసోబెట్టినారు. నీ పేరు సెప్పే మా నోరు మూయించినారు."

"దానికి నేనేం చేసేది?"

"అందరూ ఇంకా బోజనాల కాడ ఉండారు. ఇప్పుడన్నా వచ్చి ఆ మిగతా మాట సెప్పు."

"సభ అయిపోయింది. ఇప్పుడు బాగుండదమ్మా."

కారు వచ్చి ఆగింది. ఆయన శాలువా సర్దుకుని తలుపు తీశాడు.

"అది కప్పింది ఫ్యాక్టరీ ఓనరే గదా సార్?"

"మర్యాదకు కప్పినారు."

"నువ్వు బుజాలకనుకుంటాండావు. వాళ్ళు కప్పింది నీ నోటికి సార్."