కూర్మారావు కుడి భుజం

హలో… ఆ, నానే రామూర్తి బాబూ, కూర్మారావుని. నౌపడ టేసన్నుంచి… ఇనబడతంది, సెప్పండి.

శ్రమేటి బాబూ! మీరు కబురెట్టారనగానే ఉప్పుమళ్లలోంచి లెగిసొచ్చీసినాను. టేసను మాస్టారు నన్ను ఫోను కాడే కూకోబెట్టినారు… రైలుజట్టుకి బౌలరు కావాలా? నాకు తెలుసు! మళ్లీ పిలుత్తారని మా ఇంటిదానితో అంటానే ఉన్నాను.

భుజమా?… బాగుంది. నిజంగా బాగుంది. నూనె రాత్తన్నాను, సెయ్యి పైకి లెగుత్తంది —

ఆ ఆఖరాట మాట ఇప్పుడెందుకు బాబూ… అవును, వైడ్లు. వైడు మీద వైడు. బంతి నా సేతిలోంచి ఎటెల్తందో నాకే తెలీనేదు. దొరలు నవ్వినారు. మన కెప్టెను దొర బంతి లాగీసుకున్నాడు. మరిసిపోనేదు.

మరి మొదటాట? వాల్తేరులో వరసగా వికెట్లెగరగొడితే దండేసింది మీరే గదా? అదీ ఈ సెయ్యే. ఆ తరవాత పొద్దు పొడిసిన కాడ్నుంచి పొద్దుగూకేదాకా నాసేతే బంతులేయించినారు. ఆఖరికి నొప్పన్నాను. దొరా ఇననేదు, మీరూ —

నేదు నేదు, తప్పట్టటం నేదు! ఫోను పెట్టీకండి బాబూ!

ఒక్క ఓవరు. ఒక్కటే. నానే వాల్తేరొత్తాను… పోనీ, బంతులేరమన్నా ఏరతాను. ఇక్కడ ఉప్పులో పార ఎత్తలేకపోతన్నాను —

…

అవును. ఎత్తలేకపోతన్నాను. భుజం బాగోనేదు. అబద్ధమాడినాను.

ఏటి?… పిలిసింది నాకోసం కాదా?

చిట్టిబాబు?… ఆ, మా తమ్ముడే. టెక్కలిలో ఆడు ఆడితే సూసినారా… ఓహో.

…

ఉన్నాను బాబూ. లైన్లోనే ఉన్నాను.

ఆడు బంతెలా ఏత్తాడని… నన్నే అడుగుతన్నారా?

ఆడికి… ఆడికింకా నిలకడ నేదు బాబూ. ఆడు వొద్దు. నన్నే —

…

కాదు. ఆగండి. మళ్లీ అబద్ధమే ఆడినాను. బాగా ఏత్తాడు. నాకన్నా బాగా ఏత్తాడు. అనుకున్న సోటే పడతాది బంతి. నానే నేర్పినాను… అవును, తీసుకోండి.

రేపటి బండికా… ఎక్కిత్తాను.

బాబూ, ఒక్కమాట. నాను ఆఖరికైనా నొప్పన్నాను. ఆడు అదీ అనడు. బంతేసినాక ఎడం సేత్తో భుజం పట్టుకున్నాడంటే, ఆపీండి. దొర కాదన్నా ఆపీండి. అంతే. ఇంకేటీ అడగను. ఆ మాటిత్తేనే ఆణ్ణి పంపుతాను…

బాబూ?

రామూర్తి బాబూ?

మాస్టారూ, లైను పోనాదా?… పెట్టీసినారా.

మరి మాటిచ్చినారా, నేదా? నాకినబడనేదండి.