రెండు పొయ్యిలు

ఖతర్‌లోని ముఐథర్‌లో చలికాలపు గుడారాల సామాను అమ్మే ఒక దుకాణం, శుక్రవారం మధ్యాహ్నం, దుకాణదారుడు హమీదుద్దీన్, అతని ఎదుట బుచ్చన్న, తిరుమల్ అనే ఇద్దరు అన్నదమ్ములు.

“రెండు కాదు. ఒక్కటే. పెద్దది.”

“రెండన్నా. ఒకటి చిన్నది, ఒకటి మధ్యది.”

“హమీద్ భాయ్, మా తిరుమల్ మాట ఇనకు. నౌకరి ఇడిచి, పెట్టె సర్దుకొని, ఇగ మళ్ళ రాకుంట ఇంటికి పోయేటోన్ని నేను. కార్గోల వేసేది నేను. పెద్దది తియ్యి.”

“తీస్త బుచ్చన్న భాయ్, తీస్త. ముందుగాల చెప్పుండ్రి, ఎంతమందికి వండాలె? ఈ పొయ్యిలకు గదే ముఖ్యం. పెద్దది తీస్కపోయి ఇద్దరికి వండితే కట్టె దండుగ. చిన్నది తీస్కపోయి పదిమందికి వండితే పొగ వస్తది, మళ్ళ నన్ను తిడ్తరు.”

“చెప్త, ఇను. నేను, నా భార్య గంగాబాయి, మా ఇద్దరు బిడ్డలు. మేం నలుగురం. వీడు, వీని భార్య రాణి, వీని కొడుకు. ముగ్గురు. ఏడుగురికి ఒక్క పొయ్యి.”

“నేను ఈడనే ఉంట గదా. నన్నెందుకు లెక్కవెడ్తవు?”

“సెలవుకు రావా? వచ్చినప్పుడు గాలి తింటవా?”

“పెద్దది ఎనిమిది మందికి సరిపోతది భాయ్. మధ్యది నలుగురికి. చిన్నది ముగ్గురికి. మీ ఊర్ల ఏం మండిస్తరు? కట్టెనా, బొగ్గా?”

“పత్తికట్టె. మక్క బెండ్లు. ఒక్కోసారి పిడకలు. గ్యాస్ ఉన్నది గని చాయకే.”

“దీంట్ల అన్నీ మండుతయి. ఖతర్ వాళ్ళు ఎడారిల గుడారాలకాడ ఏది దొరికితే అది వేస్తరు. ఇగో, కిందికెల్లి చిన్న ఫ్యాన్ గాలి కొడ్తది. మీద ఈ తూట్లల్లకెల్లి ఇంకో గాలి వస్తది. కట్టె ఇడిచిన పొగ, బయటికి రాకముందే ఆ మీది గాలి తగిలి మండిపోతది.”

“పొగ గూడ మండుతదా?”

“పొగంటే ఏంది భాయ్? మండకుంట మిగిలిన కట్టెనే. పొయ్యిల కాలంది మన కండ్లల్లకు వస్తది.”

“సరే. పొగ లేకుంటే, పొయ్యి మండుతుందని దూరంనుంచి ఎట్ల తెలుస్తది?”

“దూరంనుంచి తెలుసుకునే పని నీకింక లేదు గదన్నా. ఇంటికే పోతున్నవు.”

“నీకు నవ్వులాటగున్నది.”

“నవ్వుతలేను.”

“రెండెందుకో చెప్పు. ఈయన ముంగట్నే చెప్పు.”

“ఒకటి పాడైతే ఇంకోటి ఉంటది.”

“అబద్ధం.”

“ఒకటి నీళ్ళు కాగవెట్ట...”

“అదీ అబద్ధమే. నీళ్ళకు బయట రాళ్ళ పొయ్యి ఉన్నది. నీకు చిన్నప్పటి సంది అబద్ధమాడ రాదు. చెవులు ఎర్రగైతయి.”

“పొద్దుగాల ఎండల నిలబడ్డ. గందుకే ఎర్రగున్నయి.”

“నువ్వు ఫస్ట్‌సారి వచ్చినప్పుడు అల్ సద్‌ల దారి తప్పి, ఆస్పత్రి గేటుకాడ కూసొని ఏడ్చినవు. ఎవలు వచ్చి తీస్కపోయిండ్రు?”

“నువ్వే. లేబర్ క్యాంప్‌ల కొత్తోడు దిగినప్పుడల్లా గదే చెప్తవు. ఇప్పుడు హమీద్ భాయ్‌కి గూడ చెప్పినవు. ఇగ ఖతర్‌ల ఎవలన్న మిగిలిండ్రా?”

“చెప్తెనన్న యాదికుంటదని. చెయ్యి పట్టుకొని తీస్కపోయినోని ఇల్లు రెండు ముక్కలు చేస్తున్నవు.”

“ఇల్లు ముక్కలు చేస్తున్న అన్ననా? పొయ్యిలు రెండు అన్న.”

“రెండూ ఒక్కటే గదరా!”

“భాయ్, కొంచెం మెల్లగ. గిరాకీ వస్తున్నరు.”

“నువ్వు పొయ్యి అమ్ము హమీద్ భాయ్. ఇల్లు మేం చూసుకుంటం.”

“నేను అమ్ముతనే ఉన్న. మీరే కొంటలేరు.”

“ఇంకోటి అడుగుత తిరుమల్. గీ పొయ్యిలు మన దిక్కు దొరకయా? ఈడికెల్లి సముద్రం దాటిచ్చుడు ఎవలి తెలివి?”

“దొరికితే ఒకటి కొన్నరు. వారంల దాని ఫ్యాన్ ఆగిపోయింది.”

“కొన్నరా? ఎవలు కొన్నరు?”

“ఇంట్ల.”

“ఇంట్ల అంటే ఎవలు? నాకు తెల్వకుంట నా ఇంట్ల పొయ్యి కొన్నదెవలు?”

“అంగట్ల కనవడ్డది. కొన్నరు. పోయింది. ఇగ ఇడిసిపెట్టు.”

“రాణి. రాణే గదా? వేరు వండుకునుడు అప్పుడే మొదలువెట్టింది.”

“రాణిని అనకన్నా.”

“అంటే ఏమైతది? ఏడుపొస్తదా? రాణికంటే ముందు ఆ ఇంట్లకు వచ్చినామె మా గంగ. ఇన్నేండ్లు అందరికి వండిపెట్టింది. నీ రాణి ఎసట్ల బియ్యం వేసుడు ఆమెకాన్నే నేర్చుకున్నది. ఇయ్యాల ఆమెకే వేరు పొయ్యి వెడ్తరా?”

“ఎవలు ఎవలికి వెడ్తున్నరో నీకు తెల్వదు.”

“మరి చెప్పు.”

“చెప్త. ముందు పొయ్యిలు తీసుకుందం.”

“గిదే. గీ బుద్ధే. అడిగితే తర్వాత అంటవు. తర్వాత అడిగితే ఇగ ఇడిసిపెట్టు అంటవు.”

“ఇంకోటి చెప్పాలె భాయ్, ఏది తీసుకున్నా సరే. పొగ తక్కువ గదా అని తలుపులు, కిటికీలు మూసి వండొద్దు. కనవడని గాలి ఒకటి ఉంటది. పొగైతే దగ్గొస్తది, కండ్లు మండుతయి, మనిషికి తెలుస్తది. ఇది చెప్పకుంట వస్తది.”

“మా ఇంట్ల చెప్పకుంట చేసుడు ఎప్పుడో మొదలైంది హమీద్ భాయ్. మాకు కొత్త గాదు.”

“అన్నా, వదినకు ఒకసారి ఫోన్ చెయ్యి. వండేటోళ్ళను అడుగు, ఏది గావాల్నో.”

“పొయ్యి ముచ్చట ఆమెను అడుగుతనా? ఈడికెల్లి ఏది పంపితే అది వాడింది. మిక్సీ పంపిన, వాడింది. కుక్కర్ పంపిన, వాడింది. ఇది గావాలె అని ఎన్నడన్న నోరు తెరిచిందా?”

“ఒక్కసారి తెరిచింది.”

“ఎప్పుడు?”

“నీకు యాదికున్నది.”

“యాదికి లేదు.”

“పోయిన సెలవుల. తెల్లారితే నీ ప్రయాణమనంగ, నీ దోస్తులొచ్చిన నాడు. పత్తికట్టె పచ్చిగుండె. ఇల్లంత పొగ. వదిన దగ్గుకుంట బయటికొచ్చి, కొంగుతోని కండ్లు తుడుసుకొని, అందరి ముంగట అన్నది. ఈ పొయ్యితోని ఇగ నాతోని కాదు, పొగ రానిది ఒకటి కొనమని. అంతే అన్నది.”

“అందరి ముంగట అన్నది. అది మరి?”

“నువ్వు లేసి బిందె తీసుకొని, మండే పొయ్యిల నీళ్ళు పోసినవు.”

“పోసిన.”

“మీద కూర ఉడుకుతుండె. సచ్చిన ఇంట్ల గూడ మండే పొయ్యిల నీళ్ళు పొయ్యరన్నా. నిప్పును దానంతల అదే ఆరనిస్తరు.”

“కోపంల చేసిన. చేస్తే? నా ఇల్లు, నా పొయ్యి. తెల్లారి మళ్ళ ముట్టియ్యలేదా?”

“ముట్టింది.”

“ముట్టింది గదా! మరి ఇంకేంది? మొగడు పెండ్లాం మధ్యల ఒకటైతది, ఒకటి పోతది. నీకెందుకు నొప్పి? నేను మళ్ళ ఈడికొచ్చినంక గూడ ఆమె ఒక్క మాట అనలే. రోజు వీడియో కాల్‌ల చూస్తున్న. పొయ్యి మండుతనే ఉంటది. గిన్నె ఉడుకుతనే ఉంటది. గంగ పక్కన నిలబడే ఉంటది.”

“నిలబడే ఉంటది.”

“ఆఁ. నిలబడి ఉంటది. అయితే?”

“పొయ్యి ముందట కూసున్నది ఎప్పుడన్న చూసినవా?”

“మోకాళ్ళ నొప్పులు. వయసు రాదా?”

“వయసే.”

“ఏంది, వయసే? సక్కగ మాట్లాడు.”

“ఏం లేదన్నా.”

“నువ్వు నన్ను తప్పువట్టాల్నని చూస్తున్నవు. ఇను. నేను క్యాంప్‌ల ఇన్నేండ్లు ఎవలి పొయ్యి మీద తిన్న? రకరకాల దేశాలోళ్ళు వండిన పొయ్యి మీద తిన్న. ఇయ్యాల ఒకని ఉప్పు, రేపు ఒకని కారం. ఎవని పొయ్యి మీద తింటున్నవో వాడే నీ ఇంటోడైతే, నాకు ఈడ ఇల్లు లేదు. నాకున్నది ఆ ఒక్క పొయ్యే. దాని ముంగట పీట వేసుకొని కూసుంట. గంగ చేతి జొన్నరొట్టె, పెనం మీదికెల్లి దించినట్టే తింట. ఇగ అంతే. డ్యూటీల ఎండకు నిలబడ్డప్పుడల్లా గదే తలుసుకున్న.”

“తలుసుకునేటోని కండ్లల్లకు పొగ పోదన్నా.”

“అందుకే గదరా పొగ రానిది కొంటున్న! ఇంకేం జెయ్యాలె? ఆమె అడిగిందే కొంటున్న. కాళ్ళమీద పడాల్నా?”

“ఆమె అడిగిన నాడు కొనకపోతివి.”

“ఇప్పుడు కొంటున్న గదా. పెద్దది, మంచిది, అందరికి సరిపోయేది. ఆమె ముంగట వెడ్త. ఏం మాట్లాడ. నాకు మాట్లాడరాదు. వెడ్తె ఆమెకే అర్థమైతది.”

“అర్థమైతదంటవా?”

“ఎందుకు గాదు? గంగ నీ రాణి లెక్క గాదు.”

“మళ్ళ రాణిని తెస్తున్నవు.”

“తెస్త. నేను ఊరికి పోయే ముంగట ఇల్లు వేరుజేస్తున్నది ఎవలు? నేను ఈడ ఉన్నంత సేపు ఒక్క పొయ్యి మంచిగనే ఉండె. నా పైసతోని నూనె, నా పైసతోని బియ్యం. నేను సంపాదన బందువెట్టి ఇంటికి పోతుంటే మాత్రం మీకు వేరు పొయ్యి గావాలె. నేను తినే రొట్టె బరువైతున్నదా? చెప్పు! ఆమెనే చెప్పిందా, మీ అన్నకు మేమెక్కడ పెడ్తం అని?”

“ఆ మాట రాణి అనలే. ఎన్నడనది. అన్నా, ఆ మాట ఒక్కటి వెనుకకు తీసుకో.”

“తీసుకోను.”

“తీసుకోకున్నా సరే. నువ్వు ఇంటికి పోయినంక నీకే తెలుస్తది, ఆమె ఎసొంటిదో.”

“బెదిరిస్తున్నవా?”

“చెప్తున్న.”

“భాయ్ ఇద్దరు, నా మాట ఇనుండ్రి. కార్గో బండి ఇంకొంచెం సేపట్ల వస్తది. ఇయ్యాల పోకుంటే మళ్ళ వచ్చే వారమే. ఒకటా, రెండా?”

“ఒకటి.”

“రెండు.”

“అల్లా! ఒక్క పొయ్యికి గింత లొల్లి నేను చూడలే.”

“సరే. సరే తిరుమల్. రెండే తీసుకుందం. వేరువడాలనుకున్నోన్ని ఆపితే నాకేమొస్తది? హమీద్ భాయ్, వీడు చెప్పినట్టే కట్టు. చిన్నది ఒకటి, మధ్యది ఒకటి. ఇగ నీ కడుపు సల్లవడ్డదా?”

“పడలే.”

“ఇంకేం గావాలె? ఇల్లు గూడ రాసియ్యాల్నా?”

“నాకేం వద్దన్నా. ఇది నేను చెప్పాల్సింది గాదు. చెప్పొద్దన్నరు గూడ. గని నువ్వు ఆడికి పోయి, పీట వేసుకొని కూసున్నంక తెలుసుడు నాకు మంచిగనిపిస్తలేదు. అందుకే నిన్ను ఈడికి తెచ్చిన.”

“చెప్పొద్దన్నదెవలు? రాణేనా?”

“కాదు.”

“డబ్బాల మీద పేర్లు రాయాలె భాయ్. ఒక్క ఇంటికే పోతున్నయి గని, ఎవలిది వాళ్ళకు తెల్వాలె గదా. ఏం రాయాలె?”

“రాయి హమీద్ భాయ్. మధ్యది గంగాబాయి. మేం నలుగురం. చిన్నది రాణి. వాళ్ళు ముగ్గురు. ఊరంత సదివేటట్టు పెద్ద అక్షరాలతోని రాయి, ఎవలు ఎవలికెల్లి వేరువడ్డరో అందరికి తెల్వనీ.”

“ఆగుండ్రి హమీద్ భాయ్. తిప్పి రాయుండ్రి. చిన్నది గంగాబాయి. మధ్యది రాణి.”

“తిప్పి?”

“తిప్పి.”

“ఏం మాట్లాడుతున్నవురా? ముగ్గురు వండుకునే పొయ్యి నా భార్యకు, నలుగురిది నీ భార్యకా? రాణి, నువ్వు, పిల్లగాడు. ముగ్గురే గదా మీరు. మరదలి పొయ్యి మీద తినే నాలుగో మనిషెవలు?”

“నువ్వన్నా. నువ్వు నీళ్ళు పోసిన తెల్లారి ఆ పొయ్యి ముట్టిచ్చింది రాణి. వదిన ఆనాటి సంది ఇంటి వెనుక మూడు ఇటుకలు వెట్టి తనకూ, బిడ్డలకే వండుకుంటున్నది, నువ్వొచ్చినా నీకు వండదట.”