అంచు రాళ్ళు

సాయంత్రం ఐదు గంటలు. సైకిళ్ళ దుకాణంలో తమ్ముడు ఓ చక్రం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఎడారిలో సైకిళ్ళ బాటకి కాపలా కాసే అక్క, చుట్టచుట్టిన కాగితం చేత్తో పట్టుకుని, వచ్చినప్పటి నుంచీ నిలబడే ఉంది.

"చక్రం తర్వాత తిప్పుకోవచ్చు గానీ, ముందు ఇది ఎవరి టైరో చెప్పు."

"కూర్చో అక్కా."

"కూర్చోవడానికి రాలేదు. చెప్పు."

"పెన్సిలు గీతలు చూసి టైరు చెప్పడానికి నేనేమన్నా జోస్యం చెప్పేవాణ్ణా?"

"ఉత్త గీతలు కావవి. పొద్దున మావాళ్ళలో ఒకాయన మూడో మలుపు దగ్గర చూసి, అచ్చుగుద్దినట్టు దించి తెచ్చాడు. బాట దిగి నల్ల పెచ్చు మీదుగా పదహారు అడుగులు పోయి, మళ్ళీ బాటెక్కాడట ఎవడో మహానుభావుడు."

"పదహారు అడుగులేగా."

"‘పదహారేగా’నా? ఒరేయ్, ఆ మాట నీ నోట్లోంచేనా వచ్చింది? సైకిలు ఇచ్చేముందు ప్రతివాడికీ నువ్వు చెప్పే పాఠం ఏంటి?"

"నల్ల పెచ్చు మట్టికి చర్మం. నాచు లాంటి చిన్న చిన్న ప్రాణాలు ఇసుకని పట్టి అల్లుకున్న పొర. అది చిరిగితే ఇసుకంతా గాలిపాలు."

"ఇంకా?"

"బాట మీద నీళ్ళు నిలిచినా నీళ్ళలోంచే పో, పక్క నుంచి పోకు."

"ఇంకా?"

"బడిపిల్లాణ్ణి అడిగినట్టు అడగకు అక్కా. ఆ పొర మళ్ళీ కట్టుకోవాలంటే మన మనవలు ముసలివాళ్ళవ్వాలి. చాలా?"

"చాలు. ఇప్పుడు పేరు చెప్పు. రేపు పదింటికి ఆఫీసులో మీటింగు. పేరు లేకుండా వెళితే బాట మొత్తం ఏడాది పాటు మూసేస్తారు. బాట మూస్తే నీ దుకాణమూ మూతే. అర్థమవుతోందా?"

"అవుతోంది."

"మరి నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"టీ తాగుతావా?"

"టీ తర్వాత. ముందు పేరు."

"పోనీ అలా అటూ ఇటూ తిరగకు. చూసుకో, ట్యూబుల డబ్బా..."

"అబ్బా! నడిచే దారిలో పెడతారట్రా డబ్బాలు?"

"నెలరోజులుగా అది అక్కడే ఉంది."

"ఈ కొట్లో ఎప్పుడూ గుడ్డిదీపమే. ఓ మంచి బల్బు పెట్టుకోవడానికి ఏం రోగం?"

"పొద్దున్నే కొత్తది పెట్టాను."

"సర్లే. ఇటు చూడు. దించినాయన కింద రాశాడు కూడా, టైరు అంచు బొడిపెలు ఏటవాలుగా చెక్కి ఉన్నాయని. పాత ఫ్రేములో వెడల్పు టైరు ఇరుక్కుంటే అలా కత్తితో చెక్కేది ఈ చుట్టుపక్కల నువ్వొక్కడివే."

"ఎంతమందికో చెక్కాను."

"ఎంతమందికి?"

"గుర్తులేదు."

"ఏ నట్టు ఏ రోజు బిగించావో నిద్రలో లేపి అడిగినా చెప్తావు. ఇది గుర్తులేదా? సరే, నువ్వు చెప్పకు. నేనే చెప్తా. ఎర్రటోపీ పిల్ల."

"కాదు."

"అబ్బో, ఎంత తొందరగా వచ్చింది ‘కాదు’! ఇందాకటి నుంచీ గుర్తులేదు, జోస్యం, టీ. ఇప్పుడు మాత్రం ఠక్కున కాదు. నీ శిష్యురాలనేగా? వచ్చే నెల పోటీకి తయారుచేస్తున్నావనేగా?"

"మొన్న వానకి ఆ పిల్ల మడుగులోంచే పోయి నడుం దాకా బురదతో వచ్చింది. బాట దిగే రకం కాదు."

"దాని టైరు నువ్వు చెక్కలేదా?"

"చెక్కాను."

"మరింకేం! అంతటితో ఊరుకుందా? నిన్న చీకటి పడేవేళ అటు వెళ్ళాను. మూడో మలుపులో బాట అంచు రాళ్ళే లేవు! దగ్గరుండి సున్నం కొట్టించి పేర్పించాను వాటిని. పీకి పారేసింది. రేపు అడిగితే ‘అంచు కనబడలేదండీ’ అనడానికి ఎత్తు. ఆఫీసులో ఫిర్యాదు కూడా ఇచ్చాను."

"నిన్న అటు వెళ్ళావా? సైకిలు మీదేనా?"

"పల్లకీలో వెళతానా? మాట మార్చకు. రిజిస్టరు తెచ్చాను. ఇదిగో, ఆ పిల్ల పేరు రాస్తున్నా. ఏడాది నిషేధం."

"రాయకు."

"తప్పు చేస్తే ఎవర్నయినా రాస్తాను. పోయిన నెల మా ఆయన మేనల్లుణ్ణి రాయలేదా? వాళ్ళింట్లో ఇప్పటికీ నాతో మాటల్లేవు."

"రాయకు అక్కా! ఆ పిల్లకి ఎడమ అంచు ఒక్కటే చెక్కాను. ఇందులో రెండంచులూ చెక్కి ఉన్నాయి. చూడు."

"ఏదీ... కాస్త దూరంగా పట్టుకో. ఇంకాస్త. రెండూనా?"

"రెండూ."

"రెండువైపులా ఎవరికి చెక్కావు?"

"ఒక్కరికే."

"పేరు."

"ఎవరో బాట దిగారని విని, మధ్యాహ్నం నేను మూడో మలుపు దాకా వెళ్ళొచ్చాను."

"పేరడిగితే ఊరు చెప్తావేంట్రా?"

"రాళ్ళున్నాయి అక్కా."

"ఏ రాళ్ళు?"

"అంచు రాళ్ళు. తెల్లగా, వరసగా. ఒక్కటి కూడా కదల్లేదు."

"అదెలా? నిన్న నేను నా కళ్ళతో..."

"సోమవారం నీ సైకిలుకి కొత్త టైరు వేశాను. ఇరుక్కుంటోందని చెక్కిచ్చాను. రెండువైపులా."

"నేను బాట దిగలేదు."

"దిగినట్టు నీకు తెలీదు."

"పదకొండేళ్ళురా. ఒక్కనాడు కూడా... ఒక్క అడుగు కూడా..."

"నాకు తెలీదా అక్కా? అందుకే నోరు రాలేదు. ఈ కాగితం ఇక్కడే చింపేద్దాం. గాలికి ఆనవాలు చెరిగిపోయిందని చెప్దాం. దుకాణం మూతపడితే పడనీ, ఇంకో పని చూసుకుంటాను. ఈ సంగతి తెలిస్తే నిన్ను మళ్ళీ ఆ బాట మీదికి రానిస్తారా?"

"గాలికి చెరిగిపోతుందా? మనవలు ముసలివాళ్ళవ్వాలన్నావుగా ఇందాక."

"అక్కా..."

"చక్రం పక్కన పెట్టు. ఇదిగో పెన్ను. రిజిస్టరు నీ ఒళ్ళో పెట్టుకో."

"ఎందుకు?"

"నా పేరు రాయి. పెద్ద పెద్ద అక్షరాలతో రాయి, సంతకం పెట్టేముందు నేను చదవగలగాలి."