విరిగిన కట్టర్ లెక్క

టైటానియం మిశ్రమలోహాన్ని చెక్కే కట్టర్ ఎంతసేపు మన్నుతుందో ముందే చెప్పే లెక్క కట్టింది మహిమ. కరీంనగర్ కాలేజీలో ఆమె పరిశోధన గైడు ఆ లెక్క గ్రాఫు చూస్తున్నారు.

"అంతా మంచిగనే ఉంది. గీ టైంకు ముందే విరిగిన కట్టర్ చుక్కను తీసెయ్యి. గీత సాఫుగ వస్తది."

"తియ్య సార్. అది నిజంగనే విరిగింది."

"ఒక్కదానికి గింత మొండికేస్తవేంది?"

"నా లెక్క నమ్మి ఎవరో మిషన్ ముందర నిలవడతరు సార్. ముక్క ఎగిరితే వాళ్ల కంట్లనే పడ్తది."

"అయితే రీసెర్చ్ పేపర్ల నా పేరు పెట్టకు. నీ ఒక్కదాని పేరు జూసి ఎవ్వరు అచ్చెయ్యరు."

మహిమ తల దించలేదు.

"అచ్చెయ్యకుంటే మానె సార్. మీ పేరు తీసేస్త. విరిగిన కట్టర్‌ను మాత్రం తియ్య."