మోచేతి కాడ అతుకు

మహారాష్ట్రలోని చంద్రపూర్. పాతవాళ్ల నోట ఇప్పటికీ చాందాయే. 1997 జనవరి, బొగ్గుగని కాలనీలో ఒక ఆదివారం మధ్యాహ్నం. లస్మవ్వ గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. మనవడు రాకేష్ టేప్‌రికార్డర్ చంకన పెట్టుకుని కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"ఆగు ఆగు, ఇంకోపారి చెప్త. ఈపారి మంచిగ ఇను నాయినమ్మా. 'చాందా మేరా చాందా, నడువది ఈడ మందా, నోట్ల మాటే దందా, ఎదురొస్తే గొంతుకు ఫందా!' ఎట్లున్నది?"

"కూసోని చెప్పరాదురా. నిన్ను జూస్తుంటే నాకు తల తిరుగుతున్నది."

"కూసుంటే తాళం తప్పుతది. ఎట్లున్నదో చెప్పు."

"గలగలమంటున్నది."

"అంటే మంచిగున్నట్టేనా?"

"ఖాళీ గిన్నెలు సుత గలగలమంటయ్."

"అరే! నాలుగు లైన్లకు నాలుగు ప్రాసలు కుదిరినయ్. తెలుగు పడ్డది, హిందీ పడ్డది. మందా అంటే డీలా, ఫందా అంటే ఉరి. కేబుల్ల జూసినవ్ గదా, దీన్ని ర్యాప్ అంటరు. పాట గాదు, మాటనే. తాళం మీద మాటను ఉరికిచ్చుడు. రేపు కాలేజీ గ్యాదరింగుల స్టేజి మీద మా క్లాసు వినాయక్‌గాడు మరాఠీల చెప్తడు. వాన్ని పడగొట్టాలె."

"చాందా, మందా, ఫందా. దీంట్ల మనిషేడి?"

"మనిషా?"

"మాట కుదురుడు పెద్ద ముచ్చట గాదు బిడ్డా. ఆ మాట ఇంకొకనికి అతకొద్దు. ఒక్కనిదే కావాలె. వాని చెప్పులు, వాని పళ్లెం, వాడు దగ్గే దగ్గు. గప్పుడు ఇన్నోని పానం కలుక్కుమంటది."

"నువ్వు శోకం దీసినప్పుడు గట్లనే జేస్తవా?"

"ఈపారి చిక్కుడుకాయ ముదిరింది."

"నాయినమ్మా!"

"ఇంటున్న, చెప్పు."

"కాలనీల ఎవరు సచ్చినా నిన్నే పిలుస్తరు గదా. లస్మవ్వ శోకం దీస్తే రాయి సుత ఏడుస్తదంటరు. ఒక్కపారి ఈ టేపుల చెప్పు. ఊపిరి ఏడ ఆపుతవో, మాటను ఏడ తిప్పుతవో నేర్చుకుంట."

"థూ, నీ నోట్ల మన్నువడ! దీపం వెట్టే ఇంట్ల శోకమా? పీనుగ లేని ఇంట్ల శోకం దీస్తే బతికున్నోని ఆయుష్షు తీసినట్టు."

"సరే, తియ్యకు. నా దగ్గర ఉన్నయ్."

"ఏమున్నయ్?"

"పోయిన నెల బాపయ్య తాత సచ్చిననాడు వాకిట్ల కూసోని టేపు జేసిన. దసరా ముందు సమ్మన్న తాతది సుత."

"నీకు బుద్ధున్నదారా? ఏడుపును ఎవలన్న పట్టుకుంటరా?"

"ఇరవైసార్లు ఇన్న. రీలు సాగింది. 'నెత్తి మీద దీపమెట్టి నేలలకు దిగితివా బాపయ్యా, నేల మీద దీపమెట్టి నేను గూసుంటిగద బాపయ్యా.' అబ్బా! దీపం రెండుసార్లు, నేల రెండుసార్లు. గవే మాటలు, మనిషేమో కిందికి దిగిపోయి మీదికి రాకుంటనే ఉండిపాయె. నేను సచ్చినా గట్ల రాయలేను."

"ఏదో నోటికొచ్చింది."

"వచ్చింది సరే. బాపయ్య తాత బల్లార్‌పూర్ కాగితం మిల్లుల గదా పనిజేసింది? నెత్తి మీద దీపం గనిల దిగెటోనికి గదా ఉంటది?"

"ఆ గంప ఇటియ్యి."

"ఇదిగో గంప. మరి సమ్మన్న తాతకు? 'మోచేతి కాడ అతుకు మాసిపాయెగద సమ్మన్నా, అతుకేసిన చెయ్యి ఆశ ఇడవదాయె సమ్మన్నా.' సమ్మన్న తాత జన్మల అంగీ తొడగలే. ఎండకాలం, చలికాలం బనీనే. బనీనుకు మోచేతి కాడ అతుకేడిది?"

"సాలు తియ్యి. రేపు గ్యాదరింగున్నది, పోయి చదువుకో."

"గ్యాదరింగుకు ఎవలన్న చదువుతరా?"

"అయితే అన్నం తిను. పెట్టాల్నా?"

"ఇంకొకనికి అతకొద్దంటివి గదా, గిప్పుడే అంటివి. ఆ దీపం ఎవలది? ఆ అతుకు ఎవలది? మా నాయినదా?"

"నోరు మూయ్! మల్లేశం పేరు ఏడుపులకు తేకు. గనిల నీళ్లొచ్చిననాడు పన్నెండు మంది దిగిండ్రు. పదకొండు పీనుగులు దొరికినయ్. నా కొడుకు దొరకలే. దొరకనోడు సచ్చిండని ఎట్లంటం? ఎటు నుంచన్న ఎల్లిండేమో. యాది తప్పిందేమో. పక్కూర్లల్ల ఏ రాజురాలనో, ఏ ఆవర్‌పూర్‌లనో ఉన్నడేమో."

"పదమూడేండ్లాయె నాయినమ్మా."

"అయితే ఏంది? నేను నోరు తెరిస్తే మీ అమ్మ బొట్టు పోతది. అనసూయ మెడల పుస్తె పోతది. నా చేతులతోని తియ్యాల్నా? గందుకే ఇంట్ల ఎన్నడు ఏడువలే. పక్కింట్ల సావయితే ఉరుకుత. వాళ్ల పేరు వెట్టి... ఎవల పేరో వెట్టి నా బరువు దించుకోని వస్త. తప్పేనేమో. సచ్చినోళ్లు మన్నించాలె."

"నాయినమ్మా, ఏడువకు."

"ఏడుస్తలేను. గిదంత రేపు స్టేజి మీద చెప్పకు రాకేషూ. నీ కాళ్లు మొక్కుత. మీ అమ్మ ఇంటది."

"అమ్మ ఇన్నది."

"ఏందీ?"

"పొద్దుగాల నేను టేపు పెట్టుకున్న. అమ్మ రొట్టెలు జేస్తున్నది. దీపం కాడ రొట్టె తిప్పింది. అతుకు కాడికి రాంగనే చెయ్యి ఆగింది. 'ఎడమ మోచెయ్యి. నల్ల దారం దొరకక పచ్చ దారమేసిన' అన్నది."

"పచ్చ దారమే. పచ్చ దారమే బిడ్డా."

"రొట్టె మాడిపాయె."

"ఇంకేమన్నది? దాసకు. ఇంకేమన్నది?"

"ఈ టేపుల సెల్లులు ఆమెనే కొనుక్కొచ్చింది. 'మీ నాయినమ్మ నా బొట్టు కోసం గొంతు మూసుకున్నది, నేను మీ నాయినమ్మ కోసం బొట్టు పెట్టుకుంటున్న. ఇద్దరికిద్దరం బరువు మోసుడే అయ్యింది' అన్నది."

"అనసూయ గట్లన్నదా? నా కోసమా?"

"బోరింగు కాడ కూసున్నది. నువ్వు పిలిస్తే వస్తనన్నది. పిలువాల్నా?"

"పిలువకు. నా గొంతు ఆడిదాంక పోతది, ఇని అదే వస్తది. ఈ చిక్కుడుకాయలు లోపల పెట్టు. బటన్ ఒత్తు బిడ్డా. ఈపారి పేరు మార్చను."