వ్యానుకి శ్రుతి చేసిన సన్నాయి ఉద్దండు

సన్నాయి ఉద్దండు ఒకచోట కుదురుగా కూర్చుంటే ఒట్టు. అన్నం ముందర కూర్చోబెట్టినా వేళ్లు కంచం అంచు మీద ఆడతానే ఉండేయంట, అక్కడ లేని సన్నాయికి బెజ్జాలు మూస్తా తెరుస్తా. వాళ్లావిడ కాశింబీ చూసి చూసి, "ఆ వేళ్లతో కాస్త అన్నం కూడా కలుపుకోవయ్యా" అనేదంట. వాళ్లు దూదేకులోళ్లు, తాతల నాటినుంచీ సన్నాయే. రాములోరి కల్యాణానికీ వాళ్లే, మనిళ్లల్లో పెళ్లిళ్లకీ వాళ్లే, మీకు తెలియందేముంది. ఈ ఉద్దండుకి ఒక వ్యానుంది. మామూలు వ్యాననుకునేరు, ముందర చూస్తే ఇంజనే ఉండదు. గుండ్రటి మూతి, రెండు గుడ్ల దీపాలు, అంతే. ఇంజనంతా ఎనకమాల. నీళ్లు పొయ్యక్కర్లా, రేడియేటరే లేదు, గాలి తగిల్తే అదే చల్లారతది. మిషనాసుపత్రి దొరసాని వాళ్ల దేశం పోతా పోతా ఉద్దండు నాయనకి ఇచ్చిపోయిందంట. ఆ నాయన ఏం చేసేవాడంటే, కొడుక్కి సన్నాయి నేర్పేటప్పుడు శ్రుతిపెట్టె లేదు గదా, వ్యాను స్టార్టు చేసి వదిలేసి, "ఇదేరా సా, దీంట్లో కలువు" అనేవాడంట. నవ్వుతారేందే, నిజం. ఊఁ అని నిండుగా మోగేది ఆ ఇంజను. ఇంటి ముందునించి పోతంటే నాకే నిద్రొచ్చేది అనుకో.

ఏమైందంటే, ఒక ఏడు వ్యానుకి ఎఫ్సీ, అదే బండి రోడ్డెక్కొచ్చని ఇచ్చే కాయితం, చేయించాలని టౌనుకి తీసకపోయాడు. మునుపైతే బ్రేకులూ లైట్లూ చూసి పంపేవోళ్లు. ఇప్పుడు అట్టా కాదంట, పొగ్గొట్టంలో ఒక ట్యూబు దూర్చి, మిషను మీద లెక్క చూస్తారంట. బ్రేకినస్పెక్టరు మంచోడే పాపం. చూసి, "సాయిబు గారూ, మీ బండి తాగిన పెట్రోలు సగం కాలకుండానే బయటికి కక్కతంది. బాగు చేయించుకోని రండి. నెలాఖరు దాకా చూస్తా, అప్పటికీ కాకపోతే ఇంక రోడ్డెక్కనియ్యను, తుక్కుకే" అన్నాడు. నెల దాటితే మాఘమాసం, అన్నీ పెళ్లిళ్లే. మేళంలో మిగతావోళ్లు ఊరుకుంటారా. డోలు అంకమ్మరావు మొహమాటం లేకుండా చెప్పేశాడంట, "ఉద్దండన్నా, వ్యాను లేకపోతే ఆటో బాడుగలకే సరిపోద్ది, మాకేం మిగల్దు. మేం టౌన్లో బ్యాండోళ్ల దగ్గర చేరతాం, ఏమనుకోబాక" అని. అంటే తాత కట్టిన మేళం ఈయన చేతుల్లో విడిపోద్దన్నమాట. ఆ మాట చెవిన పడ్డకాడినుంచీ ఇంక మనిషికి నిద్ర లేదు. వాకిట్లోకి పోతాడు, లోపలికొస్తాడు, వ్యాను చుట్టూ తిరుగుతాడు, మళ్లీ వాకిట్లోకి పోతాడు.

సెంటర్లో మెకానిక్ పున్నారావు ఉన్నాడుగా, ఆయన దగ్గరికి తీసకపోయాడు. పున్నారావు వాల్వుల సందు చూశాడు, ప్లగ్గులు మార్చాడు, కార్బురేటరు ఊడదీసి కడిగాడు. కడిగి, దానికొక చిన్న స్క్రూ ఉంటది, దాన్ని బిగించుకుంటా వచ్చాడు. బిగిస్తే పెట్రోలు తగ్గుద్ది, పొగా తగ్గుద్ది. మరీ బిగిస్తే ఇంజను కాగి చచ్చిపోద్ది. అందుకని చెవి పెట్టి, పొగ్గొట్టంలో వేలు పెట్టి మసి చూసుకోని, ఒక కాడ ఆపాడు. "మామా, ఇంక దీన్ని ముట్టుకోబాక. ఇంజను బాగా కాగి ఉంటేనే పాసవుద్ది, దోవలో యాడా ఆపకుండా పో" అన్నాడు. సరే అని పోయాడు. తప్పింది. మళ్లీ పున్నారావు, మళ్లీ స్క్రూ, మళ్లీ పోయాడు. మళ్లీ తప్పింది. పున్నారావు తల పట్టుకున్నాడు. నా దగ్గర బాగుంటది, ఆడికి పోయేతలికి పాడవుద్ది, ఇదేం మాయ రోగం మామా అంటాడు. ఉద్దండేమో, నువ్వే సరిగ్గా చెయ్యలా అని ఆయన మీదకి పోతాడు. ఇద్దరికీ మాటలు కూడా పోయినయ్యంట కొన్నాళ్లు.

నెలాఖరొచ్చింది. ఆ రోజు మేళం మేళమంతా వ్యానెక్కింది, డోళ్లతో సహా. పాసైతే ఇంటికొస్తాం, లేకపోతే అటునుంచటే బ్యాండోళ్ల దగ్గరికి పోతాం అని. కాశింబీ కూడా ఎక్కింది, ఈ మనిషిని ఒంటరిగా పంపితే యాడ పడిపోతాడో అని. మిరపచేల మధ్యకొచ్చేతలికి ఉద్దండు బండాపి, ఇంజను ఆపకుండా, "ఒక్క నిమిషం" అని దిగి ఎనక్కి పోయాడు. మగోళ్లు ఎందుకు దిగుతారో అందుకే అనుకున్నారు అందరూ. కాశింబీ నడుం పట్టేసిందని తనూ దిగి చూస్తే, ఈయన ఎనక తలుపెత్తి, జేబులోనించి స్క్రూ డ్రైవరు తీసి, కళ్లు మూసుకోని వింటా, పున్నారావు బిగించిన స్క్రూని తిప్పబోతన్నాడంట. చెయ్యి పట్టుకుంది.

"ఏం చేస్తన్నావయ్యా?"

"ఏముంది, శ్రుతి తప్పింది. కలుపుతన్నా."

"మొన్న కూడా కలిపావా?"

"కలపకుండా ఎట్టా పోతాం, అంతమంది ముందరికి అపశ్రుతితో?"

పున్నారావు బిగించిందంతా ఈయన దోవలో వదులు చేసి, పాత మోతకి తెచ్చేవాడన్నమాట. దొంగతనంగా చేశాడనుకునేరు, కాదు. సన్నాయి వాయించే ముందర దాని మూతికాడి రెల్లు పీక తడుపుకున్నట్టే అది ఆయనకి, ఒకరికి చెప్పాల్సిన పని అనుకోలా. కాశింబీ ఆ రోడ్డు మీదే కూలబడి నెత్తి కొట్టుకుంది. అంకమ్మరావోళ్లు దిగి నానా మాటలూ అన్నారు, ఆ పున్నారావుని ఎన్ని తిట్లు తిట్టావన్నా అని. ఉద్దండు అన్నీ పడ్డాడు. పడి, చివరికి, "నా వల్ల కావట్లా కాశింబీ. అది పల్చగా, ఎండిపోయి మోగతంటే, మా నాయన గొంతు ఎవురో నొక్కతన్నట్టుంది" అని ఏడిచాడంట. ఇంజనొక్కటే టపటపమంటంది. కాశింబీ లేచి చీర దులుపుకుంది. "చూడు. అది మారకూడదు, మారితే మన బతుకు తుక్కులోకి పోద్ది. నీ సన్నాయి మారొచ్చుగా? అది యాడుంటే ఆడికే పోయి కలువు" అంది. ఆ శ్రుతిలో ఎవరూ వాయించరే అన్నాడీయన. "నువ్వు వాయించు" అంది.

అంకమ్మరావు బండి తోలాడు. ఉద్దండు ఎనక కూర్చోని, ఇంజను మీద చెవి పెట్టి, ఒక పీక తీసి ఇంకొకటి పెట్టి, అదీ తీసి ఇంకొకటి పెట్టి ఊదాడు. ముందు కీచుమంది. చెమటలు పడతన్నయ్, ఊదతానే ఉన్నాడు. పెద్ద కాలవ దాటేతలికి దొరికింది. దొరికిందే చాలు, ఇంక ఆపితే ఒట్టు. రోడ్డు పక్కన మిరక్కాయలు కోసే ఆడోళ్లు పెళ్లికొడుకు పోతన్నాడని లేచి లేచి చూశారంట. టౌన్లోకి పోయినా ఆపలా. బ్రేకినస్పెక్టరు ట్యూబు చేత్తో పట్టుకోని నిలబడి, "కాసేపు ఆపమని చెప్పమ్మా" అన్నాడు. కాశింబీ, "వొద్దు సారూ, ఆయన చేతులు ఖాళీగా ఉంటే నీ ముందరే ఏదో ఒకటి తిప్పుతాడు, అట్టానే కానియ్యండి" అని బతిమాలింది. ఆయనకి అర్థం కాకపోయినా ట్యూబు దూర్చాడు. మిషను మీద లెక్క ఎక్కి, ఎక్కి, ఆగి, దిగింది. పాసు. అంకమ్మరావోళ్లు ఎగిరారు. ఉద్దండుకి భుజం తట్టి చెప్తే గాని తెలియలా. సన్నాయి దించి, నవ్వలేదు, వ్యాను ఎనక తలుపు మీద చెయ్యేసి చాలాసేపు నిలబడ్డాడంట. మేళం నిలబడింది, నాయన శ్రుతి పోయింది. రెండూ ఒక్క రోజే.

ఇప్పుడు మేళమంతా ఆ కొత్త శ్రుతే. వాయించే ముందర అంకమ్మరావు పోయి వ్యాను స్టార్టు చేస్తాడు, అందరూ దాంట్లో కలిసినాక ఆపేస్తాడు. తెలియనోళ్లేమో, మేళగాళ్లు అలిగి పోతన్నారనుకుంటారు. మా రెండోదాని పెళ్లిలో మా వియ్యంకుడు, పొద్దుట్నుంచీ కాఫీలో పంచదార తక్కువైందని, విడిదింట్లో ఫ్యాను తిరగట్లేదని అలిగి గోడకి తిరిగి కూర్చున్న మనిషి, వ్యాను చప్పుడు ఇని ఒక్క ఉరుకున పోయి బండికడ్డం నిలబడ్డాడు. "అయ్యా, ఏం లోపం జరిగిందో చెప్పండి" అని దణ్ణం పెడతన్నాడు. నాకు సంగతి తెలుసు, చెప్పొచ్చు. ఎందుకులే అని కాసేపు ఊరుకున్నా. తనకంటే గట్టిగా అలిగేవోళ్లు ఉన్నారని తెలిసినాక, ఆ మనిషి మళ్లీ కాఫీ మాట ఎత్తలా.