మూడేళ్ళు మోగని డప్పు

గాజుల పోలమ్మని ఒకావిడ ఉండేదంట, పట్నం నడిబజారులో. మొగుడు పోయాడు, ఉన్నదల్లా ఒక గాజులపెట్టె. అది పోతే పొయ్యిలో పిల్లి లేవదు. ఆ బజారుకో పద్ధతుంది. ఎవరి సొత్తు పోయినా చాటింపు గురవయ్య డప్పు కొట్టి "ఫలానా వాళ్ళింట్లో దొంగలు పడ్డారహో" అని చాటాలి. అది విని జనం గొళ్ళాలు బిగించుకునేవాళ్ళు. ఒక ఏడు రోజూ డప్పేనంట. రోజూ అంటే రోజూ, నేను పెంచి చెప్పటంలా. ఏమైందంటే, బేరాలు పడిపోతన్నాయని కొత్వాలు, దొంగల్ని పట్టుకోవటం మాని డప్పు ఆపించాడు. "దొంగతనమని చాటినోడి డప్పు చింపేస్తా" అన్నాడంట. ఆ తర్వాత ఏడు డప్పు లేదు, రెండో ఏడూ లేదు, మూడో ఏడూ లేదు. దొంగలే లేనప్పుడు కాపలా ఎందుకని, సంత మర్నాడల్లా కాపలావాళ్ళని తన మిరపతోటలో కాయలు కొయ్యటానికి తోలేవాడు.

దొంగలు లేరని పోలమ్మ కూడా నమ్మింది. తాళం మానేసి, గొళ్ళేనికి పుల్ల దోపి నీళ్ళకెళ్ళేది. ఒక సంత మర్నాడు వచ్చి చూస్తే ఏముందీ, పెట్టె లేదు! గురవయ్య దగ్గరికి పరిగెత్తి, "అన్నా, కొట్టన్నా, దొంగ పొలిమేర దాటకముందే కొట్టు" అంది. "నా పొట్ట కొట్టకక్కా, కొత్వాలు చంపేస్తాడు" అన్నాడంట. "అయితే ఇటియ్యి" అని లాక్కుని తనే కొట్టింది. ఎట్టా కొట్టిందనుకున్నారు! కొట్టేది డప్పునో తన గుండెనో తెలీకుండా కొట్టింది.

బియ్యం కొట్టు కామయ్య బయటికొచ్చి, "నా కాటా కూడా పోయిందమ్మా, సంత మర్నాడే" అన్నాడు. కంసాలి, "నా సుత్తీ పట్టకారూ, అదీ సంత మర్నాడే." పూలావిడ, "నా రాగిబిందె. ఎప్పుడని అడగమాకండి, మీకు తెలిసిందేగా." పరువు పోతదని మూడేళ్ళు ఒకరికొకరు చెప్పుకోలా. అట్టా లెక్కేస్తే నలభై ఇళ్ళు తేలాయంట. కొత్వాలు రొప్పుకుంటా వచ్చి, "మూడేళ్ళలో ఒక్కటి లేదు, ఇది ఒక్క పూటలో నలభై దొంగతనాలు చేసింది! పట్నం బయటికి గెంటండి దీన్ని!" అన్నాడు.

"గెంటటానికి నీ మనుషులేరి బాబూ? కాయలు కోస్తన్నారు" అందంట పోలమ్మ.

ఇక జనమే కర్రలు తీసుకుని నాలుగు దార్లూ కాశారు. పొద్దు గుంకేలోపు దొంగ దొరికాడు, పెట్టె దొరికింది, సగం గాజులు పగిలి. మర్నాటినించి కాపలా బజారుకొచ్చింది, డప్పూ మోగింది. ఆ ఏడు డప్పులు లెక్కపెట్టి, దొంగతనాలు మరీ పెరిగాయని కోటలో రాసుకున్నారంట. రాసుకోనీ. పోలమ్మ మాత్రం తాళమేసి, రెండుసార్లు లాగి చూసి మరీ వెళ్ళేదంట. నేనూ అంతే. మొన్న నా ఇత్తడి చెంబు పోతే "చెంబేగా తాతా" అన్న మనిషి ఇక్కడే కూచున్నాడు. నేను మర్చిపోలా.